వడియాల కాపలా

పత్రికలో పేజీలు పెట్టిన పన్నెండేళ్లలో ప్రేరణ అనే మాట నేను వినలేదు. సాయంత్రం ఏడింటికి వార్త వచ్చేది, తొమ్మిదిన్నరకు పేజీ వెళ్లిపోయేది. ఆ మధ్యలో ఏది తోస్తే అదే డిజైను. ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో, వర్క్ పర్మిట్ వచ్చాక దొరికిన మొదటి పనికి మూడు వారాల గడువిచ్చారు. ఆ గడువే నన్ను తినేసింది.

పని చిన్నదే. పక్క టౌన్ లైబ్రరీకి, వేసవి సెలవుల్లో పుస్తకాలు చదవమని పిలిచే పోస్టరు. బీచ్‌లో గొడుగు, దాని కింద పుస్తకం వేసి పంపాను. తర్వాత పుచ్చకాయ ముక్క. ఆ తర్వాత నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న సూర్యుడు. మూడూ తిరిగొచ్చాయి. లైబ్రేరియన్ మర్యాదస్తురాలు. "చక్కగా ఉన్నాయి. కానీ అన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి" అంది. శుక్రవారంలోగా కుదరకపోతే పోయిన ఏడాది పోస్టరుకే తేదీలు మార్చి వేసుకుంటామని కూడా చెప్పింది. నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాక వచ్చిన పని ఇలా పోతే, మళ్లీ ఎవరినైనా పని అడిగే ధైర్యం నాకు మిగలదు.

బుధవారం పొద్దుట్నుంచి కుర్చీలో నిలవలేకపోయాను. ఫ్రిజ్ తెరవడం, మూయడం. రంగు మార్చడం, మళ్లీ పాతదే పెట్టడం. మనవాళ్ల షాపులుండే ఓక్ ట్రీ రోడ్డుకు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి మామిడిపళ్ల పెట్టెలకీ చీరల షాపుల అద్దాలకీ ఫొటోలు తీశాను. చూసుకుంటే అన్నీ షాపు ప్రకటనల్లా ఉన్నాయి. తిరిగొచ్చి కారు పార్క్ చేశాక పైకి వెళ్లబుద్ధి కాలేదు. పార్కింగ్ లాట్ చుట్టూ నడవడం మొదలుపెట్టాను.

రెండో చుట్టులో కింది ఫ్లాట్ అక్క పట్టుకుంది. నల్లగొండ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. బాల్కనీలో ఏవీ ఆరబెట్టకూడదని అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు నోటీసు ఇచ్చారట. అందుకని కారు బానెట్ మీద పాత నేత చీర పరిచి, పొద్దున్నే సగ్గుబియ్యం వడియాలు పెట్టేసింది.

"ఏందే, ఎండల గట్ల తిరుగుతున్నవ్?"

"ఐడియా రావట్లేదక్కా."

"మా ఆయనకు ముప్పై ఏండ్ల సంది రాలే. మంచిగనే ఉన్నడు గద!"

వాళ్లాయన పక్కనే చెట్టు నీడలో మడత కుర్చీలో ఉన్నారు. ఒళ్లో లైబ్రరీ పుస్తకం, చేతిలో బ్యాడ్మింటన్ బ్యాట్. ఉడుతలు రాకుండా కాపలాకి అక్క ఆయన్ని కూర్చోబెట్టింది. మేం మాట్లాడుతుండగానే ఒక ఉడుత వైపర్ మీదుగా బానెట్ మీదికి దిగి, సగం ఎండిన వడియం ఊడబీకి, అక్కడే తీరుబడిగా తినడం మొదలుపెట్టింది.

"ఓ సారూ! నిన్ను కూసోబెట్టింది చదువుమని కాదు!"

"రెండే పేజీలున్నయి, ఆగు." తల ఎత్తకుండానే బ్యాట్ ఒకసారి గాల్లో ఊపారు. ఉడుత లెక్కచేయలేదు.

ఫొటో తీస్తే ఆయన సర్దుకుని కూర్చుంటారు. తీయలేదు. మెట్లు రెండేసి ఎక్కి ఇంట్లోకి పరిగెత్తాను.

సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. కారు, చీర మీద వరసలుగా తెల్లటి వడియాలు, పుస్తకంలో మునిగిపోయిన కాపలాదారు, భయం లేని ఉడుత. వాడుకోవచ్చా అని అడగడానికి కిందికి తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు చూసి, "పొట్ట జర తగ్గియ్యరాదమ్మా" అన్నారు.

"ఉన్నదే గీసింది, ఉండనియ్" అంది అక్క.

కొంచెం తగ్గించాను.

శుక్రవారం లైబ్రరీకి వెళ్లి బొమ్మ చూపిస్తే, లైబ్రేరియన్ ఉడుతని చూడగానే నవ్వింది. తర్వాత వడియాల మీద వేలు పెట్టి, ఇవేమిటని అడిగింది. చెప్పాను.

"ఇక్కడ చాలామందికి తెలియదు కదా. కుకీలుగా మార్చేద్దామా?"

సరే అనడానికే నోరు తెరిచాను. పని కావాలి నాకు. కానీ బయటికొచ్చిన మాట వేరు: "కుకీలకు ఎండలో ఎవరూ కాపలా కాయరండీ."

ఆవిడ మళ్లీ బొమ్మ వైపు చూసింది.

"నిజమే. ఉంచండి. తెలియనివాళ్లు వచ్చి మమ్మల్ని అడుగుతారు."

థాంక్స్ చెప్పి లేచాను. తలుపు దాకా వెళ్లి ఆగి, వెనక్కి వచ్చాను.

"ఆకురాలు కాలం పోస్టరు ఎవరికైనా ఇచ్చేశారా?" అని అడిగాను.