చీపురు కొలత

కౌన్సిల్ ఆఫీసులో అటెండరు పెద్దక్క పాతికేళ్ళుగా మీటింగు హాలు ఊడుస్తోంది. ఈసారి ఎన్నికల్లో రెండు పార్టీలకూ చెరి పది సీట్లొచ్చి, చైర్మన్ పదవి ఎటూ తేలలేదు. నాలుగు రోజులుగా ఇద్దరు నాయకులూ ఆ హాల్లో తలుపులు బిగించుకుని బేరాలాడుతున్నారు. లోపలి మాట బయటికి పొక్కడం లేదు. విలేకరులు వరండాలో పడిగాపులు కాస్తున్నారు.

పెద్దక్కకి వాళ్ళ మాటలతో పనిలేదు. లేచాక కుర్చీ సర్దే బుద్ధి ఒక్కరికీ లేదని విసుక్కుంటూనే, ఆ రెండు కుర్చీల మధ్య ఎడాన్ని రోజూ చీపురుతో కొలుస్తుంది. మొదటిరోజు నాలుగు చీపుర్లు, అంటే ఉప్పూనిప్పూ. మర్నాడు రెండు. నిన్న ఎక్కడో బెడిసినట్టుంది, మళ్ళీ మూడు. ఇవాళ వాళ్ళు భోజనానికి లేచాక చూస్తే చీపురు దూరే సందైనా లేదు.

"కుదిరింది నాయనా, రాసుకో" అంది గుమ్మంలో ఉన్న బట్టతల విలేకరితో.

సాయంత్రం నాయకులిద్దరూ భుజాల మీద చేతులేసుకుని, పదవి చెరి సగం కాలమని ప్రకటించారు. విలేకరి పరుగున పెద్దక్క దగ్గరికొచ్చాడు.

"ఈ పొత్తు ఎన్నాళ్ళుంటుందక్కా?"

"రేపు ఊడ్చాక చెప్తాను" అంది పెద్దక్క, చీపురు దులుపుతూ.