ఎముకలో దాగినవి

రాజోలి దగ్గర సీడు పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి వెళ్లే ఆడవాళ్లలో జోగులమ్మ చేయి చురుకైనది. భర్త పోయాక ఆమెకు ఆ గుంపే తోడు. ఒక వానాకాలం కూలీల ఆటో బోల్తా పడి ఆమె కాలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కుట్లు మానాక మళ్లీ పనికి వెళ్లింది గానీ, కొన్ని నెలలకు అదే చోట చిన్న రంధ్రం పడి చీము కారసాగింది.

మందులు వాడితే మానేది. ఆపితే మళ్లీ తెరుచుకునేది. చీము పరీక్షకు పంపితే ఏ క్రిమీ లేదని వచ్చేది.

"మందులు మింగకుండ పారేస్తున్నవా ఏంది?" అని డాక్టరు కసురుకున్నాడు. ఒక్క గోలీ కూడా వదల్లేదని ఆమె చెబితే నమ్మలేదు.

చీము వాసనకు ఆటోలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. "కాలు మానినంక రా అక్కా," అంది కూలీలను తీసుకెళ్లే స్వరూప, ముఖం చూడకుండానే. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. పొద్దున్నే ఆటో హారన్ కొట్టుకుంటూ ఆమె ఇంటి ముందునుంచే పోయేది. జోగులమ్మ తలుపు దగ్గరగా వేసుకునేది. ఒక్కోసారి కోడిని అదిలిస్తే తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

గద్వాల దవాఖానకు కొత్తగా వచ్చిన నవనీత అనే డాక్టరు, కొన్నాళ్లు మందులు ఆపించి, పుండు లోతు నుంచి ముక్క తీయించింది. క్రిములు పెరుగుతాయేమో చూడటానికి దాన్ని ల్యాబులో తొందరగా పారేయకుండా చాలా రోజులు ఉంచమంది. చివరకు ల్యాబు పళ్లెంలో సూదిమొనంత చుక్కలు కనిపించాయి.

"ఏంది మేడం అవి?"

"చీము పట్టించే మామూలు బ్యాక్టీరియానేనమ్మా. మందు పడితే కొన్ని తీరు మార్చుకుంటయి. పెరుగుడు తగ్గించి ఎముకల దాక్కుంటయి. అప్పుడు మందుకు సావవు, పరీక్షల గూడ దొరకవు. మందు ఆగినంక మళ్ల ఎప్పటి లెక్కనే అయితయి."

"అయితే నేను అబద్ధం చెప్పలేదు గదా?"

"చెప్పలేదు. తప్పు నీది కాదు."

జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మాట వినడానికి ఆమె పక్కన తనవాళ్లెవరూ లేరు.

ఎముక అతుక్కుంది కాబట్టి రాడ్ తీసేసి, పాడైన భాగం గీకి, నెలల తరబడి రెండు రకాల మందులిచ్చారు. కాలు మానింది.

"మొత్తం పోయినయా మేడం?"

"ఇప్పటికైతే జాడ లేదు. జర వాపొచ్చినా ఎంటనే రా."

పత్తి పూతకొచ్చాక స్వరూప పిలిస్తే వెళ్లింది. ఆటోలో జరిగి చోటిచ్చారు, నవ్వుతూ పలకరించారు. ఆమె కూడా నవ్వింది. మధ్యాహ్నం అందరూ సద్ది విప్పుతూ, "ఇట్ల రా అక్కా," అన్నారు.

"మీరు తినుండ్రి. నేనిక్కడ్నే తింట," అని జోగులమ్మ సాలు చివర ఒక్కతే కూర్చుంది.