తాళం పలకనప్పుడు

కార్ల షోరూంలో అతన్ని అందరూ మాస్టారు అనే పిలుస్తారు. అలాగని ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. కొత్త బండి కొన్నవాళ్లను కూర్చోబెట్టి, ఏ మీట దేనికో, ఏ దీపం ఎందుకు వెలుగుతుందో విడమరిచి చెప్పి, బండి అప్పగించి పంపడం అతని ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని. తోటివాళ్లు పది నిమిషాల్లో తేల్చేసి చేతులు దులుపుకునే చోట ఈయన ముప్పావుగంట తీసుకుంటాడు. ఎదుటివాళ్లు ఆవులించినా వదలడు.

ఆ ముప్పావుగంటలో అతనికి అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఒకటుంది. ఇప్పటి బండ్లకు దూర్చి తిప్పే తాళం ఉండదు కదా. జేబులో రిమోట్ ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది, మీట నొక్కితే ఇంజను మొదలవుతుంది. మరి ఆ రిమోట్‌లో బ్యాటరీ చచ్చిపోతే? మాస్టారు ఈ ప్రశ్న వేసి, కొన్నవాళ్ల మొహాల్లో రంగు మారేదాకా ఊరుకుంటాడు. తర్వాత గోటితో రిమోట్ విప్పి, నాణెమంత బ్యాటరీని తీసి వాళ్ల చేతిలోనే పెడతాడు. పక్కనున్న చిన్న గొళ్లెం జరిపి, రిమోట్ లోపల దాక్కున్న సన్నటి ఇనుప తాళాన్ని బయటికి లాగుతాడు. తలుపు పిడి చివర మూత తీసి, ఆ తాళంతో తలుపు తెరుస్తాడు. బ్రేకు తొక్కి, ప్రాణం లేని రిమోట్‌నే స్టార్ట్ మీటకు ఆనించి నొక్కుతాడు. ఇంజను బుద్ధిగా మొదలవుతుంది. "అంతేనండీ! చిటికెలో పని," అంటాడు, బండిని తానే కనిపెట్టినంత గర్వంగా.

వందలమందికి ఈ విద్య నేర్పినవాడు సొంత అక్కకు మాత్రం నేర్పలేదు.

అక్కకు బండి ఇప్పించింది అతనే. రంగు కూడా అతనే ఎంచాడు. అప్పగించే రోజు ఆవిడ ముందు సీట్లో కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని, "ఊఁ, చెప్పరా," అంది.

"నీకెందుకక్కా ఇవన్నీ! ఏదైనా అయితే నేను లేనూ?" అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ ఆ ప్రేమలో, అక్కకు ఇవన్నీ బుర్రకెక్కవులే అన్న చిన్నచూపు కూడా ఉంది. ఆ అక్క ఎవరనుకున్నారు? ఇరవయ్యేళ్లుగా కుట్టు దుకాణం నడుపుతోంది. కుట్టుమిషను మొరాయిస్తే మెకానిక్కును పిలిచి ఎరగదు. మోటారుతో సహా విప్పి, నూనె పెట్టి, మళ్లీ బిగించేదాకా టీ కూడా ముట్టదు. అలాంటి మనిషిని తక్కువగా లెక్కేశాడు మన మాస్టారు.

ఒకసారి ఆవిడే ఫోన్ చేసి, "బండిలో పసుపు రంగు తాళం బొమ్మ వెలుగుతోందిరా," అని చెప్పింది కూడా. రిమోట్‌లో బ్యాటరీ అయిపోవస్తోందనడానికి అది గుర్తని తెలిసీ, "ఏం కాదులే, వచ్చినప్పుడు చూస్తా," అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాడు. కబుర్లు చెప్పి, టీ తాగి వచ్చేశాడు.

బావకు గుండె ఆపరేషన్ అయిన మూడో రోజు. అప్పటిదాకా ఆసుపత్రి బెంచీ మీదే గడిపిన అక్క, స్నానం చేసి బట్టలు మార్చుకుందామని తెల్లవారాక ఇంటికి వచ్చింది. తొమ్మిదిన్నరకు నర్సు ఫోన్ చేసింది. "మీవారికి తెలివొచ్చిందమ్మా. మిమ్మల్నే అడుగుతున్నారు. కానీ పరిస్థితి బాగాలేదు, త్వరగా రండి." ఆవిడ పరుగున కిందికి దిగింది. బండి తలుపు తెరుచుకోలేదు. రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ సమయానికి షోరూంలో మాస్టారు ఒక జంటకు సరిగ్గా అదే పాఠం చెబుతున్నాడు. అప్పుడే వాళ్ల చేతిలో బ్యాటరీ పెట్టాడు. జేబులో ఫోన్ రెండుసార్లు వణికి ఆగింది. మూడోసారికి విసుగ్గా తీశాడు.

"ఒరే, బండి తలుపు తెరుచుకోవట్లేదురా. మీ బావ నన్ను పిలుస్తున్నారట!"

"రిమోట్‌లో బ్యాటరీ అయిపోయుంటుంది అక్కా. నేనొచ్చి చూస్తా."

"ఏం చెయ్యాలో చెప్పు, నేనే చేస్తా. పోనీ టాక్సీ పిలుచుకోనా?"

"టాక్సీ ఎందుకు? పది నిమిషాల్లో నీ ముందుంటా. నువ్వేదీ కదపకు, అక్కడే ఉండు."

ఆ ఫోన్లోనే నాలుగు ముక్కలు చెబితే సరిపోయేది. కంగారులో ఉన్న మనిషికి చెప్పినా అర్థం కాదనుకున్నాడు. ఫోన్ పెట్టేశాక, కొన్నాయన భార్య "ఇంకోసారి చూపిస్తారా, నాకు సరిగ్గా తెలియలేదు," అంటే మాత్రం ఓపిగ్గా ఇంకోసారి చూపించాడు. ఫొటోకు నిలబడ్డాడు. సంతకాలు పెట్టించాడు. అక్క ఇంటి ముందు స్కూటర్ ఆపేసరికి యాభై నిమిషాలైంది. ఆవిడ సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది, చెప్పినట్టే ఏదీ కదపకుండా.

బండి జోలికి పోకుండా, ఆ స్కూటర్ మీదే వాళ్లు ఆసుపత్రికి చేరేసరికి బావకు మళ్లీ స్పృహ తప్పి పావుగంటైంది. "ఇప్పటిదాకా తలుపు వైపే చూశారమ్మా," అంది నర్సు. మధ్యాహ్నానికి పోయాడు. ఏం చెప్పాలనుకున్నాడో ఎవరికీ తెలియదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అక్కది ఒకటే మాట. "ఆ మాయదారి బండి మొండికేసింది. పాపం, మా తమ్ముడు పని వదులుకుని పరిగెత్తుకొచ్చాడు." పక్కగదిలో కూర్చుని ఈ మెచ్చుకోలు వింటుంటే మాస్టారికి తల కొట్టేసినట్టుండేది. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా తెచ్చుకున్నాడో! చెబితే, భర్త దగ్గరికి సమయానికి వెళ్లగలిగి ఉండీ వెళ్లలేకపోయానన్న సంగతి ఆవిడకు తెలుస్తుంది, అది జన్మంతా ఆవిడను తినేస్తుంది, కాబట్టి ఆవిడ కోసమే దాస్తున్నానని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఉత్త భయం. అమ్మ పోయాక తనను పెంచింది ఆ అక్కే. ఆవిడ మొహం తిప్పుకుంటే అతనికి ఇంకెవరూ లేరు. ఆవిడ దృష్టిలో పరిగెత్తుకొచ్చిన తమ్ముడిగానే మిగిలిపోవాలని అతని ఆశ.

ఐదు నెలలు గడిచాక అక్క బండి అమ్మేస్తానంది. "దాని మొహం చూడలేనురా," అంది. షోరూంలో పాత బండ్లు కూడా అమ్ముతారు. ఒక స్కూలు టీచరమ్మ కొనడానికి ముందుకొచ్చింది. కాగితాల మీద సంతకాలకు అక్క కూడా వచ్చింది. ఆ రోజు మాస్టారు తన ఉద్యోగంలో మొదటిసారి పాఠాన్ని గబగబా ముగించబోయాడు. టీచరమ్మ వదిలే రకం కాదు.

"అన్నట్టు, ఈ రిమోట్ పనిచేయకపోతే ఎలాగండీ?"

అక్క పక్కనే ఉంది.  సర్వీసువాళ్లకు ఫోన్ చేయండి అని మాస్టారు తప్పించుకోవచ్చు. అనబోయాడు కూడా. కానీ ఈ టీచరమ్మ కూడా ఏదో ఒక రోజు సంచీ భుజాన వేసుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడి ఉండటం అతని కళ్లకు కట్టింది. రిమోట్ విప్పాడు. బ్యాటరీ తీశాడు. ఇనుప తాళంతో తలుపు తెరిచి, రిమోట్‌ను మీటకు ఆనించి నొక్కాడు. ఇంజను మొదలైంది.

"ఇంతేనా?" అంది అక్క.

"ఇంతే అక్కా."

"ఆ రోజు నేను అడిగాను కదరా, ఏం చెయ్యాలో చెప్పమని."

"అడిగావు."  రిమోట్ వంకే చూస్తూ, "నీకు అర్థం కాదనుకున్నానక్కా," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. నాలుగు తిట్లు తిడితే బాగుండునని అతను తల వంచుకుని ఎదురుచూశాడు. ఆవిడ చెయ్యి చాపి, "ఇటివ్వు. ఇంజను ఆపి దిగి, తలుపుకు తాళం వెయ్యి," అంది. అతను దిగి తాళం వేసి, రిమోట్‌తో సహా ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఇనుప తాళంతో తలుపు తెరిచి, లోపల కూర్చుని, బ్రేకు తొక్కి, రిమోట్‌ను మీటకు ఆనించి నొక్కింది. మొదటిసారికే బండి కదిలేందుకు సిద్ధమైంది.

ఆవిడ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుంది. తర్వాత అద్దం దించి, తమ్ముడి వంక చూడకుండా టీచరమ్మతో అంది.

"నిశ్చింతగా తీసుకోండమ్మా. బండిలో ఏ దోషమూ లేదు."