దింపుడు కళ్లం లొకేషన్

నాకో పిచ్చి ఉంది. సినిమా చూసి ఇంటికొచ్చి పడుకోవడం నా వల్ల కాదు. అది ఎక్కడ తీశారో కనుక్కుని, కారేసుకుని పోయి, ఆ జాగాలో నిలబడితే గాని నాకు సినిమా అయిపోయినట్టు ఉండదు. ఈ పిచ్చితోనే ఒక ఎండాకాలం సిరిసిల్ల నుంచి ఆదిలాబాద్, నాగపూర్ మీదుగా రాజస్థాన్ దాకా పోయాను. ఎడారిని ఎండాకాలంలో చూడబోవడం ఎంత తెలివైన పనో చెప్పనక్కర్లేదు. హీరో గుక్కెడు నీళ్లు దొరక్క కుప్పకూలిన ఇసుకదిబ్బను వెతికి పట్టుకున్నాను. దాని వెనకే లస్సీ దుకాణం ఉంది. కెమెరా జరంత పక్కకు తిప్పి ఉంటే హీరో బతికేవాడు. రాజుగారి కోట ఇప్పుడు హోటలైంది. కాపలాదారు నన్ను పైనుంచి కిందికి చూసి, గేటును మాత్రం ఫోటో తీసుకోనిచ్చాడు.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ చూపిస్తే, కన్నతల్లి గనక మా అవ్వ ఓపికగా చూసింది.

"ఇసుక జూసెతందుకు గంత దూరం పోతరా కొడుకా? మన మానేరుల లేదా ఇసుక?" అన్నది.

నాన్నను మేం బాపు అంటాం, ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆయనకు వినపడలేదు. బతుకంతా సాంచెల మధ్య, అంటే మరమగ్గాల మధ్య నిలబడ్డవాడు. ఆ చప్పుడు ఆయన చెవులను ఎప్పుడో మింగేసింది.

ఆ చెవుడే ఆయన్ను నటుణ్ని చేసింది. మన పల్లెల కథతో సినిమా తీసేవాళ్లు కొందరు శవం కోసం వెతుకుతూ మా ఊరికొచ్చారు. పాడె పక్కన డప్పులు మోగుతుంటే రెప్ప కదపని ముసలాయన కావాలి వాళ్లకు. అంతకుముందు పెట్టిన శవాలన్నీ దెబ్బదెబ్బకూ ఉలిక్కిపడుతున్నాయట. చాయ్ హోటల్లో కూర్చున్న బాపు వెనక నిలబడి వాళ్ల మేనేజరు గట్టిగా చప్పట్లు కొట్టి చూశాడు. బాపు చాయ్ ఊదుకుంటూనే ఉన్నాడు. అక్కడికక్కడే ఖాయం చేశారు.

షూటింగ్ ఆదిలాబాద్ వైపు, అడవి అంచున ఒక ఊళ్లో. అవ్వా నేనూ వెంట పోయాం. బాపు ముక్కులో దూది పెట్టారు, కాలి బొటనవేళ్లు కట్టారు, పాడె ఎక్కించారు. ఊరి బయట చింతచెట్టు కింద దింపుడు కళ్లం సీను. శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి కిందికి దింపి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తారేమోనని. కొడుకు వేషం వేసినతను సినిమాలోని పేరుతో బాపును మూడుసార్లు పిలిచి ఏడ్చాడు. బాపు లేవలేదు. లేవకపోవడమే ఆయన పని. డైరెక్టర్ "కట్" అని అరిచాడు. అప్పుడూ లేవలేదు. డప్పులవాళ్లు బీడీలు కూడా ముట్టించారు, బాపు అలాగే ఉన్నాడు. చివరికి నేను పోయి భుజం కుదిపితే కళ్లు తెరిచి, "అయిపాయెనా? మంచిగ నిద్రవట్టింది" అన్నాడు. స్నానం లేదు, ఏం లేదు, పోయి బిర్యానీకి కూర్చున్నాడు. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

సినిమా బాగా ఆడింది. బాపు బజారుకు పోతే "శవం తాతా" అంటూ జనం సెల్ఫీలు దిగేవారు. కానీ మెల్లగా ఆయనకు తిండి తగ్గింది, పగలు కూడా నిద్ర ఎక్కువైంది. డాక్టరు వయసన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు.

"గా చింతచెట్టు కింద పిలిచింది ఎవల పేరు? ఎవనిదో. మీ బాపును ఆయన పేరు వెట్టి ఎవలన్న పిలిసిండ్రా? ఆయన గా పాడె మీదికెల్లి ఇంకా దిగలే కొడుకా. నన్ను ఆడికి తీస్కపో. నేనే పిలుస్త."

నాకు ముందు నవ్వొచ్చింది, వెనకే గుబులు పుట్టింది. అవ్వ ఈ జన్మలో ఆయన పేరు పలకలేదు. "ఓ", "ఇగో", "ఇంటున్నవా", ఇవే ఆమెకు బాపు పేర్లు. ఓటర్ల లిస్టు రాసేవాళ్లు ఇంటాయన పేరడిగితే పక్కింటామెను పిలిచి చెప్పించేది.

బాపుకు మాత్రం లొకేషన్ చూసొద్దామని చెప్పాం. తెల్ల అంగీ తొడుక్కుని ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. వేములవాడలో ఆగి అవ్వ శివుడి గుళ్లో మొక్కుగా కోడెను కట్టి వచ్చింది. ఎందుకైనా మంచిదని రాజన్న చెవిన ముందే వేసిందన్నమాట. జగిత్యాల, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కాం.

చింతచెట్టుకు ఇప్పుడు "షూటింగ్ స్పాట్" అని బోర్డు కొట్టారు. పక్కన చాయ్ బండి వెలిసింది. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు లైన్ కట్టి మరీ ఒకరు నేల మీద పడుకుంటుంటే ఒకరు చెవిలో పిలుస్తూ రీల్స్ తీసుకుంటున్నారు. కోట గేటు ముందు నేనెంత ముచ్చటగా కనిపించి ఉంటానో అప్పుడు తెలిసింది.

"గా శవం ఏషం ఏసిన కాకా నిజంగనే సచ్చిపోయిండట, మీకు తెల్వదా?" అన్నాడు చాయ్ బండాయన, బాపు చేతికే గ్లాసు అందిస్తూ.

"షక్కర్ జర తక్కువైంది" అన్నాడు బాపు.

అవ్వ తన గ్లాసు ముట్టకుండానే బండి మీద పెట్టేసింది.

బాపు గ్లాసు పట్టుకుని నడిచి, తాను పడుకున్న జాగా దగ్గర నిలబడ్డాడు. అవ్వ ఆయన వెనక చేరింది. మొదటిసారి పేరు పెదవుల దగ్గరే ఆగింది. పక్కనున్న నాకే వినపడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండోసారి పిలిచింది. బాపు చాయ్ ఊదుకుంటున్నాడు. ఇంకొక్క పిలుపే మిగిలింది. దానికీ ఆయన తిరగకపోతే, ఆయన చెవిటివాడని నేనెంత చెప్పినా అవ్వ గుండె కుదుటపడదు. పోయి భుజం కుదుపుదామని అడుగేశాను. అవ్వ నన్ను ఆపింది. కొంగు తీసేసి పిలిచింది.

సాంచెల షెడ్డులో ఈ కొస నుంచి ఆ కొసకు పిలిచే గొంతు అది. రీల్స్ తీసేవాళ్లు ఫోన్లు దించారు. చెట్టు మీది కాకులు లేచాయి.

బాపు తిరిగాడు.

"ఏందే, గట్ల ఒర్రుతున్నవ్? నేనేమన్న చెవిటోన్నా?" అన్నాడు. జరసేపు ఆమెనే చూసి, "నా పేరు నీకెర్కేనా?" అన్నాడు.

అవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. అంత సంతోషం నాకు ఏ లొకేషన్లోనూ కలగలేదు. తర్వాత అవ్వ చాయ్ బండి బకెట్ అడిగి తీసుకుని, ఆయన వద్దంటున్నా నెత్తిన నీళ్లు గుమ్మరించింది. తెల్ల అంగీ అంతా తడిసింది. బాపు సణుగుతూనే ఉన్నాడు.

తిరుగు దారిలో ఆయన ముందు సీటు వదిలేసి వెనక అవ్వ పక్కన కూర్చున్నాడు. ఘాట్ దిగుతుంటే, కాస్తో కూస్తో వినపడే చెవిని ఆమె వైపు వంచాడు.

"ఇంకోపారి పిలువు. సక్కగ ఇనవడలే."