నా చేతుల మాట విన్న క్రేను

ఇరవై నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక సమోసాల బల్ల, రెండు పూలదండలు. వీటన్నిటి మీదా నాలుగు టన్నుల ఇనుప గది ఒకటి, పట్టపగలు, ఊరందరూ చూస్తుండగా, నిదానంగా దిగి కూర్చుంది. దాన్ని అక్కడికి రప్పించింది నేను. కూర్చోమన్నదీ నేనే. ఎలాగో చెబుతాను. చెప్పేటప్పుడు చేతులు మాత్రం కట్టుకునే ఉంటాను. కారణం మీకే తెలుస్తుంది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. రాయపూర్ పక్కన సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారం కొత్త షెడ్డు కడుతుంటే అక్కడ సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. ఏడాది డిప్లొమా, తెల్ల హెల్మెట్, మెడలో ఒక విజిల్. ఈ మూడూ ఉన్నవాడికి ఇక తెలియనిదేముంటుంది? లోకంలో ఇన్నాళ్ళూ ప్రమాదాలు జరిగాయంటే నేను ఉద్యోగంలో చేరకపోవడం వల్లేనని నాకు గట్టి నమ్మకం. రాయపూర్ తెలీబంధాలో మా ఇంటి గుమ్మం దగ్గరే హెల్మెట్ పెట్టుకుని బయలుదేరేవాణ్ణి. బస్సులో కూడా తీసేవాణ్ణి కాను. పక్క సీటు వాళ్ళు నన్ను చూసి, తర్వాత బస్సు కప్పు వైపు అనుమానంగా చూసేవారు.

మా సైటులో క్రేను నడిపే ఆయన పేరు అప్పన్న. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అప్పన్నకి యాభై దాటాయి. నేను పలక పట్టుకోని రోజుల నుంచీ ఆయన క్రేను మీటలు పట్టుకున్నాడు. కింద నిలబడి ఆయనకి సైగలు చేసేవాడు ధన్‌సింగ్, ధర్సీవా దగ్గర పల్లెటూరి మనిషి. అతనికి మాట తక్కువ, సైగ ఇంకా తక్కువ. చూపుడు వేలు పైకెత్తి కాస్త తిప్పితే లోడు లేచేది. అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఆడిస్తే అక్కడే ఆగేది. ఇద్దరూ పన్నెండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు. ఆ పన్నెండేళ్ళలో ఒక బోల్టు కూడా ఎవరి మీదా పడలేదు.

బుద్ధున్నవాడైతే ఓ పక్కన నిలబడి నేర్చుకుంటాడు. నేను నోటుబుక్కు తీసి, "సైగలు పుస్తకంలో బొమ్మల్లాగా లేవు" అని తప్పు రాసుకున్నాను.

తర్వాత క్రేను నియమాల బోర్డు ఒకటి రాయించాను. నా పుస్తకంలో ఒక నియమం ఇలా ఉంది: సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి; కానీ ఆపమనే సైగ ఎవరు చేసినా ఆపరేటరు వెంటనే ఆపాలి. ఇందులో మొదటి సగం నాకు ఎంతో నచ్చింది. రెండో సగం అస్సలు నచ్చలేదు. టీ తెచ్చేవాడు చెయ్యెత్తినా క్రేను ఆగిపోతే ఇక ఆఫీసరెందుకు? దాన్ని కొట్టేశాను. పుస్తకం రాసినవాళ్ళకి నా అంత అనుభవం లేదనుకున్నాను. నా అనుభవం అప్పటికి పంతొమ్మిది రోజులు.

బోర్డు చదివి అప్పన్న క్రేను దిగి వచ్చాడు.

"బాబూ, ఆపమనీది ఎవులైనా సెప్పొచ్చు గదా. నాను ఏ సైటుకెళ్ళినా అదే రూలు."

"ఇక్కడ క్రమశిక్షణ ఉంటుంది అప్పన్న గారూ. సైగ చేసేవాడి చెయ్యి తప్ప మీరింకేదీ చూడకూడదు."

"పైనుంచి నాకు సగమే అగుపిస్తాది బాబూ. మిగతా సగం కిందోళ్ళ కళ్ళతోనే సూడాల."

"మీరు నా చెయ్యి చూడండి, చాలు."

"మీ సెయ్యేటి? సైగలు సేసీది దన్‌సింగ్ గదా?"

"సేఫ్టీ వారోత్సవాల రోజున నేనే చేస్తాను. కొత్తగా చేరిన జి.ఎం. గారు మొదటిసారి సైటుకి వస్తున్నారు. పుస్తకం ప్రకారం సైగలంటే ఏమిటో అందరూ చూడాలి. ఇదిగో, నియమాలు అర్థమైనట్టు సంతకం పెట్టండి."

అప్పన్న సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇస్తూ నన్నొక చూపు చూశాడు. తలకి దెబ్బ తగిలినవాణ్ణి కంపౌండరు చూసే చూపు అది. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. కార్యక్రమం నేనే వేశాను కాబట్టి మూర్ఖత్వంలో ఏ లోటూ రానివ్వలేదు. లారీ మీద వచ్చిన కొత్త ఇనుప గదిని క్రేనుతో ఎత్తి, పక్కనే కట్టిన దిమ్మె మీద పెట్టాలి. ఆ గది ఎవరిదనుకున్నారు? సేఫ్టీ ఆఫీసు. అంటే నాది. నా గదిని నా సైగలతో నేనే ప్రతిష్ఠించుకోబోతున్నాను.

లోడు తిరిగే మేరకి మనుషులెవరూ రాకుండా ధన్‌సింగ్ పొద్దున్నే తాడు కట్టి ఉంచాడు. కుర్చీలు ఆ తాడుకి బాగా వెనక వేయించాడు. అంత దూరం నుంచి నా సైగల అందం జి.ఎం. గారికి ఏం కనిపిస్తుంది? తాడు విప్పించాను. కుర్చీలు ముందుకి జరిపించాను. సమోసాల బల్ల కూడా జరిపించాను.

"సాహెబ్, కుర్సీ పీఛే రహనే దో," అన్నాడు ధన్‌సింగ్, వెనకే ఉండనివ్వమని.

"క్రేను నా చేతిలో ఉంది," అన్నాను. అతను నా చేతివైపు చూసి, వెళ్ళి గదికి కట్టిన దారి తాడు పట్టుకున్నాడు. గాల్లో లోడు తిరిగిపోకుండా కింద నుంచి పట్టుకునే తాడు అది. ఆ పూటకి అతనికి నేను దయతో వదిలిన ఉద్యోగం అదొక్కటే.

జి.ఎం. గారు వచ్చారు. దండలు, మాటలు అయ్యాయి. ఆయన కుర్చీలో కూర్చోకుండా నా పక్కకి వచ్చి నిలబడ్డారు. నేను చూపుడు వేలు ఆకాశానికెత్తి గుండ్రంగా తిప్పాను. గది లారీ మీది నుంచి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా జన్మకి అది చాలనిపించింది. అక్కడితో ఆగి ఉంటే నిజంగానే చాలేది.

"అక్కడ పొగ వస్తోందే, అది మనదేనా?" అని జి.ఎం. గారు హిందీలో అడిగారు.

పెద్దాయన అడిగాక చూపించకుండా ఉంటామా? ఎడమ చెయ్యి బారుగా చాపి, "ఆ చిమ్నీ మనదే సార్, దాని పక్కది పక్కవాళ్ళది," అన్నాను.

చెయ్యి బారుగా చాపితే క్రేను భాషలో ఏమిటో నేనే బోర్డు మీద బొమ్మ వేయించాను. లోడుని అటువైపు తిప్పమని. అప్పన్న తిప్పాడు. గది దిమ్మెని వదిలేసి ఎడమకి బయలుదేరింది. వెనక ఎవరో "అరే అరే" అన్నారు. నా వివరణ బాగుందేమో అనుకున్నాను.

"కొలిమి కూడా అక్కడేనా?"

"అక్కడే సార్. పెద్ద గొట్టంలా ఉంటుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది, ఇలా," అని వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. గది ఇంకో నాలుగడుగులు పైకి లేచింది.

"కొత్త షెడ్డు ఎక్కడిదాకా వస్తుంది?"

"ఇటు చివరిదాకా సార్," అని మళ్ళీ ఎడమ చెయ్యి చాపాను. ఈసారి ఆ చివర బాగా దూరం కాబట్టి చాలాసేపు చాపి ఉంచాను.

అప్పుడు క్రేను హారన్ మోగింది. ఆపకుండా మోగింది. వెనక కుర్చీలు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడు, చెప్పుల చప్పుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయనకి షెడ్డు గురించి చెబుతుంటే మధ్యలో ఈ హారన్ ఏమిటి? అప్పన్న వైపు తిరిగాను. క్రేను కదలడం లేదు. నేను చెయ్యి దించకుండానే ఆపేశాడు.

"సైగ లేకుండా ఎందుకు ఆపారు?" అని అరిచాను. "హారన్ ఎవరు కొట్టమన్నారు?"

జవాబుగా హారన్ ఇంకా గట్టిగా మోగింది. ఈ క్రమశిక్షణ లేకపోవడం గురించి జి.ఎం. గారికి చెబుదామని పక్కకి తిరిగాను. ఆయన లేరు. ఆయన ఎడమ కాలి బూటు మాత్రం ఉంది.

బూటు ఉండి మనిషి ఎందుకు లేడా అని నేను ఆలోచిస్తుండగానే ఎవరో నా జాకెట్ మెడ దగ్గర పట్టుకుని వెనక్కి లాగారు. నాలుగు గజాలు నా మడమలు మట్టిలో గీసుకుంటూ పోయాయి. లాగింది ధన్‌సింగ్. ఒక చేత్తో దారి తాడు, ఇంకో చేత్తో నేను. అప్పుడు తలెత్తి చూశాను.

నేను అంతవరకూ నిలబడ్డ చోటికి జానెడు అవతల, పన్నెండడుగుల ఎత్తున, ఆ ఇనుప గది వేలాడుతోంది. దాని నీడ నా బూటు గుర్తుల మీద ఉంది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆ నీడ నాకు ఇంకా కలలోకి వస్తుంది.

అదే సమయానికి మైదానం మీంచి నల్ల దుమ్ముతో గాలి లేచింది. గది గోడ తెరచాపలా ఆ గాలి పట్టి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ధన్‌సింగ్ నన్ను వదిలేసి రెండు చేతులా తాడు పట్టి వెనక్కి వాలాడు. ఇప్పుడు చెయ్యాల్సింది ఆపమనే సైగ. అరచెయ్యి బోర్లించి ఆడించడం. పసిపిల్లవాడు కూడా చేస్తాడు. డిప్లొమా చదివినవాడికి మాత్రం ఒక్క బొమ్మా గుర్తు రాలేదు. "కింద కుర్చీలున్నాయి, జాగ్రత్త" అని చెప్పాలని, చెయ్యి కిందికి చాచి, చూపుడు వేలు నేల వైపు పెట్టి గిరగిరా తిప్పాను.

అది కిందికి దించమనే సైగ. నా జీవితంలో అంత స్పష్టంగా, అచ్చం పుస్తకంలో బొమ్మలాగా నేను చేసిన సైగ అదొక్కటే.

అప్పన్న కొద్దిగా తిప్పి, దించాడు. తొందరపడలేదు. అంగుళం అంగుళం దించాడు. ముందు వరస కుర్చీలు అప్పడాల్లా పలికాయి. వెనక వరస కాసేపు పట్టుదలగా నిలబడి, తర్వాత అవీ పలికాయి. చివరికి సమోసాల బల్ల చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. గది నేల మీద నిలబడింది. నా ఆఫీసు తలుపు గాలికి తెరుచుకుని, లోపలికి రమ్మన్నట్టు ఊగింది.

మనుషులెవరికీ ఏమీ కాలేదు. జి.ఎం. గారు ఒక బూటుతో కుంటుకుంటూ వచ్చారు.

"సేఫ్టీ ఆఫీసర్ కౌన్ హై?" అని అడిగారు, ఆఫీసరెవరని. పావుగంట సేపు నా పక్కనే నిలబడ్డ మనిషి.

నేను చెయ్యెత్తాను. అక్కడున్న జనమంతా ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేసి క్రేను వైపు చూశారు.

"హాథ్ నీచే," అన్నారు జి.ఎం. గారు. చెయ్యి దించేశాను. తర్వాత ఆయన హిందీలో చాలా చెప్పారు. సారాంశం ఏమంటే, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంకో సైటుకి వెళ్ళి ఇంకో క్రేను ముందు నిలబడతాను కాబట్టి, జనం క్షేమం కోరి ఇక్కడే అట్టిపెడుతున్నారు. నెల రోజులు ధన్‌సింగ్ కింద సహాయకుడిగా పనిచెయ్యాలి.

అందరూ వెళ్ళాక అప్పన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన క్రేను మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"చెయ్యి దించకుండానే ఆపేశారు," అన్నాను.

"సంతకం ఎట్టింది కాగితం మీద గదా బాబూ. మనుషులున్నప్పుడు కాగితమేటి సూస్తాను? ఆళ్ళందరూ లేసి పోయారు. మీరొక్కలే కదల్నేదు. మిమ్మల్ని దన్‌సింగ్ లాగీదాకా బిగబట్టి కూకున్నాను."

"మరి దించారెందుకు? నేను తప్పు సైగ చేశానని తెలుసు కదా."

"గాలొచ్చింది గదా. పైనే ఉంచితే ఊగి ఎవుడికో తగుల్తాది. కాళీ కుర్సీల మీద దించీడమే నయం. మీరు సెప్పకపోయినా దించీవోణ్ణే." ఇంకో గుక్క తాగి అన్నాడు. "మీరూ అదే సెప్పినారు. పోన్లెండి, ఒక సైగన్నా కలిసింది."

ఇక మిగిలింది నివేదిక. ప్రమాదం జరిగితే విచారించి నివేదిక రాయాల్సింది సేఫ్టీ ఆఫీసరే. దొంగా పోలీసూ ఒకరే అయిన విచిత్రమైన కేసు అది. ప్రత్యక్ష సాక్షులు సుమారు నూట యాభై మంది. అయినా నా తెలివి ఊరుకుందా? 'ప్రమాదానికి కారణం' అన్న గడిలో "గాలి" అని రాసి పంపాను. మర్నాడు కాగితం తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో జి.ఎం. గారు ఒక మాట చేర్చారు: "హవా నహీ, హవాబాజీ." గాలి కాదు, గాలి కబుర్లు.

కాబట్టి 'మళ్ళీ జరగకుండా తీసుకునే చర్య' అన్న గడిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని నింపాను. ఆ ప్రతి నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"సదరు ఆఫీసరు ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయునది ఏమనగా, లోడు గాల్లో ఉన్నంతసేపూ అతడు ఎంతటివారికైనా చిమ్నీని గాని, కొలిమిని గాని, సాక్షాత్తూ సూర్యచంద్రులను గాని చూపించడు. కట్టిన హద్దు తాడు విప్పడు. ఆపమని ఎవరన్నా, చివరికి టీ తెచ్చేవాడన్నా, ఆపిస్తాడు, వాదించడు. ఎవరైనా దారి అడిగితే చేతులు కట్టుకుని నోటితో చెబుతాడు. నోటివల్ల కూడా ప్రమాదమని తేలినచో, దాన్నీ స్టోరులో అప్పగించి రసీదు తీసుకుంటాడు."