అంతయ్య నాచు పొట్లం

దిల్‌సుఖ్‌నగర్‌లో గోడకు నాచు పడితే ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ తెస్తారు. అంతయ్య మాత్రం అది ఇంకా పెరగాలని మజ్జిగ తెచ్చి పోసేవాడు. నాచును గీకేవాళ్లను చూశాంగానీ, పనిగట్టుకుని విత్తి పెంచేవాడు లోకంలో తన మొగుడొక్కడేనని కౌసల్యమ్మ నమ్మకం.

ముప్ఫై ఏళ్లు నల్లగొండ నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు బత్తాయి లారీ తోలిన మనిషి. మార్కెట్ తరలిపోయాక స్టీరింగ్ వదిలి ఈ పిచ్చి పట్టుకున్నాడు. ఊరెళ్తే చాలు, కాలువ రాళ్ల దగ్గర బోర్లా పడుకుని, నాచు మీద సన్నటి కాడలకున్న గోధుమరంగు కాయల్ని కత్తెరతో కోసుకొచ్చేవాడు. కాగితం మీద ఆరబెట్టి తడితే పచ్చటి దుమ్ము రాలేది. అదే విత్తనమట. దాన్ని తడిమట్టి మీద చల్లి, ప్లాస్టిక్ కవరు కప్పి, రోజుకు పదిసార్లు తొంగి చూసేవాడు. నల్లా నీళ్లు పడవని వాననీళ్లు సీసాల్లో పట్టి దాచేవాడు. ఓసారి చుట్టమొకాయన ఆ నీళ్లు తాగేస్తే, ఆయనకేమైందని అడగలేదు, సీసాలో ఎన్ని మిగిలాయని అడిగాడు.

ఒకనాడు అన్నంలోకి మజ్జిగ చూసుకుంటే గిన్నె ఖాళీ. కౌసల్యమ్మ నిర్ఘాంతపోయింది.

“నాకు లేకుంట గోడకు పోస్తవా సల్ల?”

“నువ్వు రేపు తోడేసుకుంటవు. దానికెవరు తోడేస్తరే?”

ఆమెకు ఒళ్లు మండింది. అరికాళ్లు ముందే మండుతున్నాయి. షుగరొచ్చినప్పటి నుంచి నిప్పుల మీద నడిచినట్టుంటోంది. తను తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంటే, ఈయన గోడకు సేవలు చేస్తున్నాడు.

దసరాకు సున్నం వేయిద్దామని ఇంటి ఓనరు రామమోహనరావు వచ్చాడు. ప్రహరీ గోడ చూసి నోరు తెరిచాడు.

“ఇదేంటండీ అంతయ్య గారూ, గోడా గడ్డివామా? ఆదివారంలోగా గీకించండి. లేదంటే వేరే ఇల్లు చూసుకోండి.”

శనివారం అంతయ్య ఎల్బీనగర్‌లో చుట్టాలింటికెళ్లాడు. ఇల్లు పోతుందన్న భయంతో కౌసల్యమ్మ కొంగు బిగించి, బ్లీచింగ్ పోసి, గోడనంతా తోమేసింది. సాయంత్రం ఆయన వచ్చి తెల్లటి గోడ చూసి మెట్టు మీద కూలబడ్డాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

గోడను ఓసారి చేత్తో తడిమి, విత్తనం పొట్లం ఫ్రిజ్ తలుపులో ఉందని, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చని అన్నాడు.

ఆ పొట్లం మూడు రోజుల కిందటే కౌసల్యమ్మ కంటబడింది. పచ్చటి పొడి, పైన ‘కౌసల్య కాళ్లకు’ అని ఆయన చేతిరాత. ఇన్నాళ్లకు మొగుడు తన మంటలకు ఊరి మందేదో తెచ్చాడని మురిసిపోయింది. పూటకో చిటికెడు మజ్జిగలో కలుపుకుంది.

“అది నేను తాగిన” అంది మెల్లగా.

అంతయ్య గుడ్లు తేలేశాడు. “మొత్తమా?”

“నా పేరు రాస్తే మందనుకున్న. మంట గూడ జర తగ్గినట్టే ఉండె.”

“అది తాగేది గాదే” అన్నాడాయన. “తొక్కేది.”

చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లాడు. నీళ్ల ట్యాంకు వెనక నీడలో పాత బత్తాయి ట్రే ఒకటుంది. నిండా మెత్తటి నాచు. ఏడాదిగా పెంచుతున్నాడట. నాలుగు ట్రేలు ఎండిపోతే ఇదొక్కటి నిలిచింది. ఇదీ నిలుస్తుందో లేదోనని చెప్పలేదట. గోడ మీదదంతా నాచుకు మజ్జిగ పడుతుందో లేదోనని చేసిన పరీక్ష.

“కాలువ రాయి మీద కాళ్లు పెడితే సల్లగుంటదని పెండ్లైన కొత్తల అంటివి గద.”

ఎప్పుడన్నదో ఆమెకే గుర్తులేదు. కాళ్లు పెట్టింది. చల్లదనం నడినెత్తికెక్కింది. మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది, తోమేసిన గోడ గుర్తొచ్చి సిగ్గూ వేసింది. మొహం తిప్పుకుని నవ్వేసింది.

సోమవారం ట్యాంకు చూసుకోవడానికి డాబా ఎక్కిన రామమోహనరావు, పండ్ల ట్రేలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న కౌసల్యమ్మను చూసి అక్కడే బిగుసుకుపోయాడు. ఆయన నోరు తెరిచేలోగా ఆమే అంది.

“చెప్పులు ఇడిసి రాండ్రి సార్. ఒక్క కాలు పెట్టి సూడుండ్రి.”

ఆ దసరాకు ప్రహరీ గోడకు సున్నం పడలేదు. ఆ సోమవారం మధ్యాహ్నం అంతయ్య అన్నంలోకి మజ్జిగ అడిగాడు. లేదంది కౌసల్యమ్మ. ట్రేలోంచి చిటికెడు నాచు కలిపి గోడకు పోసేసిందట.