ఎర్ర ఊట, నల్ల బీరు

పోయినవాటితో మొదలుపెడతాను. కుళాయి నీళ్ళతో కాచి, క్లాంగ్‌లో మా ఇంటి వెనుక కాలువలో పారబోసిన బీరు నలభై లీటర్లు. దానితో పోయిన మొలకల బార్లీ తొమ్మిది కిలోలు. ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి. చివరికి, ఒక ఊట. ఆ ఊట చుట్టూ ఉండిన రబ్బరు చెట్లు నేనెరగక ముందే పోయాయి కాబట్టి నా లెక్కలో వెయ్యను. అవి అమ్మ లెక్కలోవి.

బీరు కాచడం నాకెవరూ నేర్పలేదు. పోర్ట్ క్లాంగ్ గిడ్డంగిలో సరుకు లెక్కలు ఎలా నేర్చుకున్నానో ఇదీ అంతే: తప్పు చేయడం, అది ఎక్కడ జరిగిందో వెతుక్కోవడం. మా అక్క భర్త అరవయ్యో పుట్టినరోజుకు నా చేత్తో కాచిన బీరే పోస్తానని బంధువులందరి ముందూ అనేశాను. రెండు విడతలు కాచాను. రెండోది ఒక గుక్క తాగి బావ గ్లాసు దూరంగా జరిపాడు.

“ఏటి బామ్మర్దీ, ఇది బీరా, పుండు కడిగే మందా?”

నిజమే. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ బార్లీతో కలిస్తే ఆ వాసనే వస్తుంది. చిన్న మాత్ర ఒకటి వేస్తే విరుగుతుందని చాలా తర్వాత చదివాను. అప్పుడు మాత్రం మంచి ఊటనీళ్ళు దొరికితే చాలనుకున్నాను. పుట్టినరోజుకు ఏడు వారాలుంది. బీరు పులిసి సీసాల్లో కుదురుకోవడానికి ఐదు వారాలు పోతే, నీళ్ళు వెతకడానికి మిగిలింది రెండు.

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. “మా తోటలో ఊట ఉండీది. తియ్యటి నీళ్ళు. రబ్బరు పాలు తూకం ఏసినాక ఆడోళ్ళందరం అక్కడే సేతులు కడుక్కునీవోళ్ళం.”

“ఇప్పుడూ ఉందంటావా?”

“నీళ్ళు ఎక్కడికి పోతాయిరా? సూపిస్తాను. ఉత్తినే కాదు లా. పన్నెండు సీసాలియ్యాల.” మాట చివర ఆ ‘లా’ ఈ దేశం మాకంటించిన అలవాటు.

“నువ్వు బీరు తాగుతావా అమ్మా?”

“నల్లదైతే తాగుతాను. నిన్ను కన్నప్పుడు మా అత్త గుడ్డు కొట్టి అందులో కలిపి ఇచ్చినాది, రగతం పడతాదని.”

పన్నెండుకు ఒప్పుకున్నాను.

ఆదివారం బటాంగ్ బెర్జుంటై అనే ఊరికి వెళ్ళాం. అమ్మ పుట్టి పెరిగిన రబ్బరు తోటలో ఇప్పుడన్నీ పామాయిలు చెట్లే. కాపలాదారును అడిగి లోపలికి పోయాం. కారు దిగి అమ్మ అలాగే నిలబడిపోయింది. ఎటు చూసినా ఒకే ఎడంలో ఒకే చెట్టు.

“ఇది మా తోట కాదురా. పోదాం,” అంది.

“పాలు తూకం వేసే చోటు ఎక్కడుండేదో చెప్పు,” అన్నాను.

ఆ షెడ్డు లేదు గానీ దాని సిమెంటు నేల మట్టలకింద దొరికింది. అమ్మ దానిమీదికెక్కింది. రెండు చేతుల్లో బకెట్లు ఉన్నట్టు చేతులు ఒంటికి ఎడంగా పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత పల్లంలోకి నడిచింది. నేను డబ్బాతో వెనకాల పరిగెత్తాను. పొదలు పక్కకు తప్పిస్తే సన్నటి నీటిచప్పుడు. అమ్మ దోసిట్లో పట్టి తాగింది. శుభ్రంగా ఉన్న చేతుల్నే చాలాసేపు కడుక్కుంది.

డబ్బాలో ఇరవై ఐదు లీటర్లు పట్టాను. మూత అక్కడే ఏ పొదలోనో జారిపోయింది. ప్లాస్టిక్ సంచి కట్టి తెచ్చాను.

తెల్లారేసరికి నీళ్ళు నారింజ రంగుకు తిరిగాయి. అడుగున తుప్పు పేరుకుంది. ఇనుము. ఆ నీళ్ళతో కాస్తే బీరు నోట్లో రేకు పెట్టుకున్నట్టుంటుంది. అమ్మ డబ్బాలోకి తొంగిచూసింది.

“అవున్రా. తెల్లబట్టలు అక్కడ ఉతకనిచ్చీది కాదు మా అమ్మ. రంగు పట్టేస్తాదని.”

“ఆ మాట నిన్న చెప్పలేదేం?”

“నిన్న గుర్తు లేదు లా. తీపి ఒక్కటే గుర్తున్నాది.”

పారబోద్దామని డబ్బా ఎత్తబోతే అమ్మ పిడి వదల్లేదు. “నల్ల బీరే సెయ్యి. నలుపులో ఎరుపు ఎవుడికి కనిపిస్తాది?”

రెండు రోజులు కదపకుండా తేర్చి, పైనీళ్ళు గుడ్డలో వడగట్టి, బాగా మాడ్చిన బార్లీ కలిపి కాచాను. ముప్ఫై పెద్ద సీసాలు నిండాయి.

పుట్టినరోజునాడు బావ మొదటి గ్లాసు చివరిదాకా తాగాడు. ఖాళీ గ్లాసు నా ముందుకు తోశాడు.

“ఇంకోటి పొయ్యి. రుసి కోసం కాదు లా, అనుమానం తీరక.”

ఆయన అనుమానం నాలుగు గ్లాసులకు తీరింది. చుట్టాలకూ అదే అనుమానం పట్టుకుంది. ఆ రాత్రికి ఇరవై మూడు సీసాలు ఖాళీ. మిగిలిన ఏడూ అమ్మకిచ్చి, తక్కినవి మళ్ళీ కాచినప్పుడిస్తానన్నాను. ఆదివారాలు భోజనానికి ముందు అర గ్లాసు పోసుకునేది. మొదటి గుక్క మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచుకునేది.

మళ్ళీ నీళ్ళకు వెళ్ళేసరికి పామాయిలు చెట్లు కొట్టేసి కొత్త మొక్కలు నాటుతున్నారు. యంత్రం పల్లాన్ని పూడ్చి, పక్కన తిన్నటి కాలువ తవ్వింది. కాలువ నిండా బురదనీళ్ళు. సిమెంటు నేల కూడా లేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ “అలాగా” అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

కుళాయి నీళ్ళలో మాత్ర వేసి, ఈసారి నల్ల బీరే కాచాను. నిజం చెప్పాలంటే ఇదే మెరుగు. ఐదు సీసాలు తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఒకదాని మూత తీయించి, రుచి చూసి, తలూపింది.

“బాగున్నాది. అయితే ఇది ఆ నీళ్ళు కాదు గదా. లెక్కలో ఎయ్యకు.”

ఆ ఐదూ బావే తాగాడు. ఆ తర్వాత ఎన్ని విడతలు కాచినా అమ్మ మాట మారలేదు. అమ్మకు నేనింకా ఐదు సీసాలు బాకీ.